కరోలా స్టార్ట్ అవ్వట్లేదు, బ్యాటరీయా స్టార్టరా? (మినియాపొలిస్)

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాను, ఈమధ్యే ఒక సీనియర్ దగ్గర 2012 కరోలా కొన్నాను. వీకెండంతా బయట పార్కింగ్‌లోనే ఉంది, ఈరోజు పొద్దున కీ తిప్పితే టకటకటకమని చప్పుడు తప్ప ఇంజిన్ కదల్లేదు. రూమ్మేట్ తన బండి బ్యాటరీకి కేబుళ్లు కలిపి జంప్ ఇస్తే స్టార్ట్ అయింది, క్యాంపస్‌కి వెళ్లి సాయంత్రం వచ్చి చూస్తే మళ్లీ అదే కథ. ఒకరు బ్యాటరీ అంటారు, ఇంకొకరు ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జి చేసేది) అంటారు. గ్యారేజీకి ఫోన్ చేస్తే స్టార్టర్ (ఇంజిన్‌ని మొదట తిప్పే మోటారు) పోయింది, అయిదొందల డాలర్లు అవుతుందన్నారు. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

—

తమ్ముడూ, ముందు ఆ గ్యారేజీ సంగతి మర్చిపో. బండి కళ్లతో చూడకుండానే స్టార్టర్ అని తేల్చేసినవాళ్ల చేతిలో అయిదొందలు పోయడం ఎందుకు?

నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబుంది. టకటకమని వరసగా కొట్టుకుంటోందంటే స్టార్టర్ మీదుండే సొలినాయిడ్ అనే స్విచ్ లాక్కుంటోంది, కరెంటు చాలక వదిలేస్తోంది, మళ్లీ లాక్కుంటోంది. ఎక్కువసార్లు ఇది బ్యాటరీ డౌన్ అవడమో, దాని వైర్ల దగ్గర పట్టు లేకపోవడమో. అదే స్టార్టర్ పోతే మామూలుగా ఒక్కసారి టక్‌మని ఊరుకుంటుంది, డాష్‌బోర్డు లైట్లు మాత్రం ఏమీ తగ్గవు. కీ తిప్పుతూ లోపలి లైటు చూడు, అది కొడిగట్టిన దీపంలా అయిపోతోందంటే స్టార్టర్‌ని అనుమానించకు. అసలు ఏ చప్పుడూ లేకపోతే గేరు పార్క్‌లోంచి న్యూట్రల్‌లోకి మార్చి ప్రయత్నించాలి, అలా స్టార్ట్ అయితే గేరు దగ్గరి స్విచ్చిది తప్పు. ఇంజిన్ గిర్రున తిరుగుతూ అందుకోకపోతే అది వేరే రోగం, కీలో చిప్‌ని బండి గుర్తుపట్టకపోవచ్చు, పెట్రోల్ అందకపోవచ్చు. నీకు అవి వర్తించవు కాబట్టి వదిలేద్దాం.

ఇప్పుడు బానెట్ ఎత్తి బ్యాటరీ రెండు టెర్మినల్స్ చూడు. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉందా? వాటికి వైరుని పట్టి ఉంచే క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతోందా? తిరిగిందంటే బ్యాటరీ కొత్తదైనా ఇదే గొడవ. 10 ఎంఎం స్పానర్‌తో ముందు నల్ల వైరు, తర్వాత ఎర్రది విప్పు, వంటసోడా నీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమి, బాగా తుడిచి ఆరనిచ్చి, బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. పైన శుభ్రంగా కనిపించినా విప్పి చూడు, క్లాంపు లోపలి వైపే నల్లటి పొర పట్టి కరెంటుని ఆపేస్తుంటుంది. చాలామంది దాని జోలికి పోకుండా కొత్త బ్యాటరీ కొనేస్తారు, ఆ పనిలో క్లాంపులు కూడా తోమి బిగిస్తారు కాబట్టి బ్యాటరీ వల్లే బాగయిందనుకుంటారు.

తర్వాత వోల్టులు కొలిచే చవక మల్టీమీటర్ ఒకటి కొను, వాల్‌మార్ట్‌లోనే దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీకి పొద్దున పెట్టి చూడు. 12.6 వోల్టులు ఉంటే ఫుల్ చార్జి, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువంటే ఖాళీ కింద లెక్క. ఎవరైనా కీ తిప్పుతుండగా చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, 9.6 కంటే కిందికి జారిపోతే బ్యాటరీకి బలం లేదు. ఇక ఆల్టర్నేటర్ అనుమానం తీరాలంటే జంప్‌తో స్టార్ట్ చేసి ఇంజిన్ నడుస్తుండగా చూడు. 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే అది శుభ్రంగా పనిచేస్తోంది, 12 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతోందంటే దాన్ని చూపించుకోవాలి. మన దగ్గర కొందరు మెకానిక్‌లు ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూస్తారు కదా, దయచేసి ఆ పని చేయకు, లోపలున్న కంప్యూటర్లు కాలిపోవచ్చు. తోసి స్టార్ట్ చేద్దామని ఫ్రెండ్స్‌ని పోగేయకు, ఆటోమేటిక్ గేరు బండి అలా స్టార్ట్ అవ్వదు.

సాయంత్రం మళ్లీ ఆగిపోవడం చూసి ఆల్టర్నేటరే అని ఖాయం చేసుకోనక్కర్లేదు. క్యాంపస్ దాకా కాసేపటి ప్రయాణం, అందులో హీటరు, వెనక అద్దం డీఫ్రాస్ట్, హెడ్‌లైట్లు అన్నీ ఆన్‌లో. ఖాళీ అయిన బ్యాటరీకి అంతలో ఎంత చార్జి ఎక్కుతుంది? పైగా సున్నా ఫారెన్‌హీట్‌లో (మైనస్ 18 సెల్సియస్) బ్యాటరీ బలం సగానికి పడిపోతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఇంకా ఎక్కువ కరెంటు అడుగుతుంది. అక్టోబర్ దాకా బతికిన ముసలి బ్యాటరీ ఇక్కడ డిసెంబర్‌లోనే చేతులెత్తేస్తుంది.

మీటర్ గొడవ వద్దనుకుంటే జంప్ ఇప్పించుకుని కార్ల విడిభాగాలమ్మే ఆటోజోన్‌కో ఓరైలీకో వెళ్లు, బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ ఫ్రీగా టెస్ట్ చేస్తారు. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కో.

—

అన్నగారు చెప్పినదానికి కాస్త కలుపుతున్నాను. జంప్ ఇచ్చేటప్పుడు ఎర్ర కేబుల్ ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత ఫ్రెండ్ బండి ప్లస్‌కి. నల్లది ఫ్రెండ్ బండి మైనస్‌కి, రెండో కొస మాత్రం నీ బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి పెట్టు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రాకూడదు, దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది. తీసేటప్పుడు ఇదే వరస వెనక్కి. డబ్బా ఉబ్బి ఉన్నా, గడ్డకట్టినట్టు అనిపించినా జంప్ ఇవ్వకు బాబూ, చార్జి లేని బ్యాటరీ ఈ చలికి లోపల గడ్డకడుతుంది, అది పగిలితే ఆసిడ్ మొహాన పడుతుంది. నీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో చూసుకో, ఉంటే వాళ్లే వచ్చి జంప్ ఇస్తారు. డాష్‌క్యామ్ ఏదైనా పెట్టి ఉంటే రాత్రిపూట పీకేయి, బండి ఆగి ఉన్నా అది బ్యాటరీని తాగేస్తుండొచ్చు.

—

థాంక్యూ అన్నా, థాంక్యూ అక్కా. క్లాంపులు విప్పితే లోపలంతా నల్లగా ఉంది, తోమి బిగించాను. రాత్రి ఆగాక 12.1, కీ తిప్పుతుంటే 8 దాకా పడింది, జంప్‌తో స్టార్ట్ అయ్యాక 14.2. బ్యాటరీ మీద స్టిక్కర్‌లో 2018 అని ఉంది.

—

2018 అయితే అది చేయాల్సిన సర్వీసు చేసేసింది తమ్ముడూ. ఆల్టర్నేటర్ బాగుంది, స్టార్టర్ జోలికి వెళ్లకు, బ్యాటరీ ఒక్కటే మార్చు. షాపులో మోడల్, ఇయర్ చెబితే సైజు వాళ్లే చెబుతారు, ఆ సైజులో సీసీఏ నంబర్ ఎక్కువున్నది తీసుకో, చలిలో ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది అదే. కోర్ ఛార్జ్ అని కొంత అదనంగా వేస్తారు, పాత బ్యాటరీ అప్పగిస్తే ఆ డబ్బు వెనక్కిస్తారు కాబట్టి దాన్ని అపార్ట్‌మెంట్ చెత్తలో పడేయకుండా షాపుకి పట్టుకెళ్లు.