పల్లె ఇంట్లో బ్రెడ్: స్టార్టర్‌ని పెంచాలా, ప్యాకెట్ ఈస్ట్ చాలా?

గట్టుమీదచెట్టు:
మాకు దుకాణం చాలా దూరం. అందుకే వారానికి రెండుసార్లు బ్రెడ్ ఇంట్లోనే కాలుస్తాను. ఏడాదిగా బ్రెడ్ పొంగడానికి సోర్‌డో స్టార్టరే వాడుతున్నాను, అంటే పిండీ నీళ్లూ కలిపి సీసాలో పులియబెట్టి, మళ్లీ మళ్లీ పిండి వేస్తూ కాపాడుకునే ముద్ద. కోతల హడావిడిలో రెండు వారాలు దాని మొహం చూడలేదు. మొన్న సీసా మూత తీస్తే పైన బూడిదరంగు నీళ్లు తేలుతున్నాయి, నెయిల్ పాలిష్ తుడిచే మందులాంటి వాసన గుప్పుమంది. మా ఆయనైతే "దీనికి పెట్టే మేత ఆవుకి పెడితే పాలైనా ఇచ్చేది" అన్నాడు. ప్యాకెట్ ఈస్ట్‌కి మారిపోదామనిపిస్తోంది. ఏమంటారు?

పిండిచేతులు:
ఇంకా ఆలోచిస్తున్నారా అక్కా! 500 గ్రాముల పిండి, 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. పొద్దున కలిపితే మధ్యాహ్నానికి బ్రెడ్. రోజూ పిండి వేయడం, సగం పారబోయడం, మళ్లీ వేయడం... పొలం పని ఉన్న ఇంట్లో ఇంకో పసిబిడ్డను పెంచినట్టే.

నిదానం:
రోజూ ఎవరు వేయమన్నారు? ఫ్రిజ్‌లో ఉంటే వారానికి ఒక్కసారి చాలు. ఆ బూడిద నీళ్లు చచ్చిపోయిందని కాదు, ఆకలేసిందని గుర్తు. పైనీళ్లు ఒంపేసి, అడుగు నుంచి ఒక్క చెంచా శుభ్రమైన సీసాలోకి తీసుకోండి. దాని మీద పిండి, నీళ్లు సమానంగా తూచి వేయండి. పొద్దున, సాయంత్రం ఇలా రెండు మూడు రోజులు చేస్తే లేచి కూర్చుంటుంది. సీసాకి రబ్బరు బ్యాండు వేస్తే ఎంత పొంగిందో తెలుస్తుంది. గులాబీ, నారింజ చారలు గానీ బూజు గానీ కనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా పారేయాలి.
దుకాణం దూరమన్నారు కదా, స్టార్టర్‌కి పిండీ నీళ్లూ ఉంటే చాలు. పైగా ఆ పులుపు వల్ల బ్రెడ్‌కి బూజు ఆలస్యంగా పడుతుంది. ప్యాకెట్‌లో ఉన్న రసాయనం తినే బాధా ఉండదు.

పిండిచేతులు:
రసాయనమా? ఈస్ట్ కూడా బతికున్న జీవే. పులియడం ఈస్ట్ అనే జీవం చేసే పనేనని లూయీ పాశ్చర్ 1857 నుంచే చెబుతూ వచ్చాడు. మీ సీసాలో అడవి ఈస్ట్‌తో పాటు లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా ఉంటుంది, తేడా అదే. ఇక దూరమంటారా, ప్యాకెట్ విప్పాక బిగుతు మూత డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది.

కొత్తకోడలు:
గ్లూటెన్ (గోధుమలో ఉండే జిగురు ప్రొటీన్) పడనివాళ్లు కూడా సోర్‌డో తినొచ్చంటారు కదా? మా ఆడపడుచుకి సీలియాక్ ఉంది, అదే, గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు.

నిదానం:
వద్దమ్మా, పెట్టకండి. పులియబెడితే ఖనిజాలు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది గానీ గోధుమలో గ్లూటెన్ పూర్తిగా పోదు. సీలియాక్ ఉన్నవాళ్లకి మామూలు గోధుమ సోర్‌డో కూడా ప్రమాదమే. రసాయనమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రుచి విషయంలో మాత్రం తగ్గను.

కట్టెలపొయ్యి:
మీ ఇద్దరి గొడవ బాగుంది గానీ, అసలు చిక్కు టైముది. పిండి పొంగి కాల్చమంటుంది, సరిగ్గా అప్పుడే దూడ తాడు తెంపుకుంటుంది. ఎండాకాలం ఇంకా ఘోరం, అటు తిరిగి ఇటు వచ్చేలోగా ముద్ద పొంగి కుంగిపోతుంది. నేనైతే రాత్రి ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. చల్లదనానికి ఈస్ట్ మందగిస్తుంది, తెల్లారాక తీరిక చూసుకుని కాలుస్తాను. ఏ ఈస్ట్‌కైనా ఇది పనిచేస్తుంది. అదీ కుదరని రోజు సోడా బ్రెడ్. మజ్జిగలో పులుపు తగలగానే సోడా గ్యాస్ వదులుతుంది, అందుకే కలిపిన వెంటనే ఓవెన్‌లోకి తోసెయ్యాలి. గంటలో పని అయిపోతుంది.
అన్నట్టు, కాల్చిన బ్రెడ్‌ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటకన్నా త్వరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో వేసుకోండి.

గట్టుమీదచెట్టు:
నిదానం గారు చెప్పినట్టే ఒక్క చెంచాతో మొదలుపెట్టాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పొద్దున రబ్బరు బ్యాండు దాటి రెండు వేళ్లు పొంగింది, వాసన కూడా తియ్యటి పులుపుకి వచ్చింది. దాన్ని పారేయడానికి ఇక చెయ్యి రాలేదు. ఈస్ట్ డబ్బా కూడా ఒకటి ఫ్రీజర్‌లో పడేశాను, కోతలకి అదే. అప్పుడు సీసాకి వారం వారం మేత వేసే పని మా ఆయనదని చెప్పాను. ఇంకా ఊఁ అనలేదు.

పిండిచేతులు:
అనడు లెండి.