మా అమ్మమ్మ ఊరి పాత చర్చి వయసు ఎలా తెలుసుకోవాలి?

హైదరాబాద్ నుంచి మెదక్ వెళ్లే దారిలో మా అమ్మమ్మ వాళ్ల ఊరు. అక్కడి పాత చర్చి ఇప్పుడు టెంట్ హౌస్ వాళ్ల గోడౌన్. రాతి గోడల సున్నం పెచ్చులు ఊడుతున్నాయి, పుల్పిట్ (పాస్టర్ ప్రసంగం చేసే వేదిక) ఉన్న చోట షామియానా గుంజలు పేర్చారు.

ఊళ్లో అందరూ అది 1865 నాటిదంటారు, పెంకుల మీద అలా రాసి ఉందని. ఒక పెంకు దింపించి చూశాను. స్విట్జర్లాండ్ మిషనరీల సంస్థ బాసెల్ మిషన్ పేరు, 1865 ఉన్న మాట నిజమే. కానీ అది మంగళూరులో వాళ్ల పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. ఆ పెంకులు ఎక్కడెక్కడికో అమ్ముడుపోయాయి! పైగా మా వైపు పనిచేసిన వెస్లియన్ (మెథడిస్ట్) మిషన్ సికింద్రాబాద్‌కు వచ్చిందే 1880 ప్రాంతంలో. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్‌ని కట్టించిన పాస్నెట్ దొర కాలంలోనే ఇదీ లేచి ఉంటుందని నా అంచనా.

1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాక ఊరి చర్చిల కాగితాలు, బాప్తిస్మం రిజిస్టర్లు ఎక్కడికి చేరాయి? మెథడిస్ట్ మిషనరీ సొసైటీ రికార్డులు లండన్‌లోని సోయాస్ అనే యూనివర్సిటీ లైబ్రరీ‌లో ఉన్నాయి. ఇక్కడి నుంచే స్కాన్లు తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నిజాం కాలపు పహాణీల్లో చర్చి స్థలం ఎవరి పేరున రాసేవాళ్లు?

ఓనర్ వానల్లోపే పెంకులు తీసేసి రేకులు వేస్తానంటున్నాడు. కాస్త తొందరగా చెప్పండి.