పాత ట్రెక్ 820 సైకిల్ మీద అనంతగిరి: టెంట్, సామాను మోయగలదా?

మియాపూర్‌వాసి:
అందరికీ నమస్తే. మా బావగారు అమెరికా నుంచి తిరిగొస్తూ తెచ్చుకున్న ట్రెక్ 820 మా బాల్కనీలో పడి ఉంది. 1990ల నాటి స్టీల్ ఫ్రేమ్, సస్పెన్షన్ లేని ఫోర్కు, 26 అంగుళాల చక్రాలు, ముందు మూడు, వెనక ఏడు గేర్లు. ఈ చలికాలంలో దీని మీద చేవెళ్ల మీదుగా వికారాబాద్ దగ్గరి అనంతగిరి వెళ్లి, ఒక రాత్రి టెంట్ వేసుకుని రావాలని ఉంది. అది బాగా జరిగితే తర్వాత శ్రీశైలం. షాపుకు తీసుకెళ్తే "ఇది పాత ఇనుము సార్, 29 అంగుళాలది కొత్తది తీసుకోండి" అన్నాడు. నిజంగా పనికిరాదా? ఖర్చు పెట్టాల్సి వస్తే ముందు దేనికి పెట్టాలి?

రామచంద్రాపురం ఫిట్టర్:
ఆ పాత ఇనుము కోసమే కొందరు వెతుక్కుంటూ తిరుగుతారు తమ్ముడూ. సస్పెన్షన్ లేకపోవడం నీ అదృష్టం. చవక సస్పెన్షన్ ఫోర్కు తారు రోడ్డు మీద ఉత్త బరువు. పైగా 26 ట్యూబు, టైరు చేవెళ్లలోనూ దొరుకుతాయి, వికారాబాద్‌లోనూ దొరుకుతాయి. వాల్వు బైకుదే కాబట్టి పెట్రోల్ బంకులో గాలి కొట్టించుకోవచ్చు.

డబ్బు మొదట వెనక చక్రానికి పెట్టు. బరువంతా పడేది దాని మీదే. హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) విప్పించి, గోళీలు మార్పించి, కొత్త గ్రీజు పెట్టించు. స్పోకులన్నీ ఒకే బిగువులో ఉన్నాయో లేదో వేలితో మీటి చూడు. కుడివైపు స్పోకులు ఒక తీరుగా, ఎడమవైపువి ఒక తీరుగా మోగుతాయి, అది మామూలే. ఒకే వైపు ఒకటి మాత్రం బొంగురుగా పలికిందంటే అది వదులైనట్టు. బెండు తీసే మనిషి తొందరపడితే ఇంకొకరి దగ్గరికి వెళ్లు. నీది మర తిప్పి బిగించే ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి) అయితే ఇరుసు కూడా బయటికి తీసి, గాజు పలక మీద దొర్లించి చూడమను. అలాంటి హబ్‌లో కుడివైపు బేరింగు లోపలికి ఉంటుంది, సామాను బరువుకు ఇరుసు అక్కడే వంగుతుంది.

తర్వాత గేర్లు. ముందు చిన్న పళ్లచక్రం 28 పళ్లు, వెనక పెద్దది 28 పళ్లు అయితే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు, అంటే సైకిల్ రెండు మీటర్ల పైచిలుకు ముందుకెళ్తుంది. సామానుతో ఎక్కేటప్పుడు అది బరువే. ఏడు స్పీడ్లలో 14 నుంచి 34 పళ్ల ఫ్రీవీల్ దొరుకుతుంది, దానితో ఒక చుట్టుకు మీటరూ డెబ్బై సెంటీమీటర్ల దాకా. మోకాళ్లకు తేడా తెలుస్తుంది. గేరు మార్చే డిరెయిలర్ 34 పళ్లను దాటగలదా అన్నది ముందే చూపించుకో, కొత్త ఫ్రీవీల్‌తో పాటు చైనూ కొత్తదే వేయించు. పాత చైను కొత్త పళ్ల మీద ఎగురుతుంది.

టైర్లు పక్కన వేలితో నొక్కితే పగుళ్లు కనిపిస్తున్నాయా? అయితే పారెయ్. గరుకు టైర్ల బదులు 1.5 గానీ 1.75 గానీ అంగుళాల వెడల్పు నునుపువి వేయించు.

క్యారియర్ బిగించే బోల్టు ఫ్రేమ్ లోపలివైపు ఎంత పొడుచుకు వచ్చిందో ఫ్రీవీల్ పక్కన వంగి చూడు. రెండు మరలు ఎక్కువైనా చిన్న పళ్ల మీదికి వచ్చిన చైను దానికి రాసుకుంటుంది. అలాంటిది దారి మధ్యలో తెలిస్తే టెన్షన్. పొట్టి బోల్టులు రాణిగంజ్‌లో దొరుకుతాయి. సంచులు మడమకు తగలకుండా వెనక్కి వేలాడాలి.

ఊరు దాటడానికి నానక్‌రామ్‌గూడ నుంచి అప్పా జంక్షన్ దాకా సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. అక్కడి నుంచి మొయినాబాద్, చేవెళ్ల. మర్రిచెట్ల నీడ బాగుంటుంది గానీ ఎదురు లారీ దుమ్ము కూడా బాగానే ఉంటుంది. తెల్లవారకముందే బయలుదేరు.

కోటపల్లి దారి:
సైకిల్ గురించి పెద్దాయన చెప్పారు, నేను రాత్రి సంగతి చెప్తాను. మాది వికారాబాద్ పక్కనే. అనంతగిరి అడవిలో అనుమతి లేకుండా టెంట్ వేయకండి, ఫారెస్ట్ వాళ్లు లేపి పంపించేస్తారు. అక్కడ టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, ముందు అక్కడ అడగండి. లేదంటే చీకటి పడకముందే ఊళ్లో ఎవరైనా రైతును అడిగితే తోటలోనో, మోటారు గది పక్కనో చోటిస్తారు. అడిగే తీరు ఉంటుంది అన్నా. "ఎక్కడ వేసుకోవచ్చు?" అనకుండా "పొద్దున్నే వెళ్లిపోతాం, మంట వెయ్యం, ఇక్కడ వేసుకోమంటారా?" అనండి. మోటారు గది పక్కన నీళ్లుంటాయి, మనిషి అలికిడీ ఉంటుంది. కంది చేనును ఆనుకుని మాత్రం వద్దు, పురుగూ పుట్రా ఉంటాయి.

కొండ మీద కోతుల సంగతి మరవకండి. బిస్కెట్ ప్యాకెట్ కనబడితే టెంట్ జిప్పు కూడా వాటికి అడ్డు కాదు, తిండి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. డిసెంబర్‌లో తెల్లవారుజామున హైదరాబాద్ కంటే ఇక్కడ చలి ఎక్కువ. ఒక్క పొర టెంట్ అయితే లోపల తేమ పట్టి దుప్పటి తడుస్తుంది, రెండు పొరలది తెచ్చుకోండి.

శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా చెక్‌పోస్టు దగ్గర వాహనాలు ఆపేస్తారు. టెంట్ మాట ఎత్తకండి. ముందు రాత్రి మన్ననూరులోనే పడుకుని పగలే అడవి దాటేయాలి.

మియాపూర్‌వాసి:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. స్పోకులు మీటి చూశాను, వెనక కుడివైపు రెండు బొంగురుగానే ఉన్నాయి! టెంట్ హ్యాండిల్ మీద కట్టుకోవచ్చా?

రామచంద్రాపురం ఫిట్టర్:
కట్టుకో, కానీ బ్రేక్ కేబుల్ నలగకుండా. కట్టాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేక్ నొక్కి చూడు. నీళ్ల సీసాలు, స్టవ్ లాంటి బరువులు మాత్రం కింద, వెనక సంచుల అడుగున. శ్రీశైలం అనుకుంటే బ్రేక్ రబ్బర్లు కొత్తవి వేయించి, ఒక జత జేబులో పెట్టుకో. దోమలపెంట నుంచి కృష్ణ దాకా అంతా దిగుడే, నది దాటాక మళ్లీ ఎక్కుడు.