కల్లు కాంపౌండ్‌లో అంత ఏముంటుంది?

ప్రశ్న: మాది కాకినాడ, నాకు బార్లే తెలుసు. ఆఫీసులో హైదరాబాద్ వాళ్లు ఆదివారం వస్తే చాలు కాంపౌండ్‌కి పోదామంటారు. చవకనా, ఇంకేమైనా ఉందా?

జవాబు: చవక ఒక్కటే కాదు తమ్మీ. బార్‌లో ఎవడి టేబుల్ వాడిది, ఇక్కడ బెంచీ మీద ఎవరు జరిగితే వాళ్ల పక్కన కూర్చోవడమే, గుడాలో (ఉడికించిన శనగలు) బోటియో (మేక పేగుల కూర) మధ్యలో పెడితే పక్కవాడు చెయ్యి పెట్టినా ఏమనుకోరు. ఆడవాళ్లు కూడా కూర్చొని తాగుతారు. అప్పుల పంచాయితీలు తెగేదీ అక్కడే.

జవాబు: అంతా బాగుంది కానీ సిటీలో అది చెట్టు కల్లేనా? 2004లో మూసేసిన దుకాణాలు 2014లో మళ్లీ తెరిచారు సరే, ఇంత ఊరికి సరిపడా ఈతచెట్లు ఎక్కడున్నాయి? అందుకే క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపేవాళ్లు తయారయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకి ప్రాణాలు పోయాయి. అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్.

జవాబు: తాగాలనుంటే ఊళ్లో చెట్టు కిందకే పో అన్నా. పొద్దున్నే గౌడన్న దిగగానే లొట్టి (కల్లు కుండ) వంచి తాటాకు రేకలో పోస్తాడు, నురగ మీద ఈగ ఉంటే ఊదేసుకో. ఎండెక్కితే పులిసిపోతుంది, లేటుగా మాత్రం పోకు.