అప్‌డేట్: 8×42 బైనాక్యులర్సే తీసుకున్న

పాకాల, ఏటూరునాగారం దిక్కు పిట్టలు చూడటానికి 8×42 మంచిదా, 10×50 మంచిదా అని అడిగిన కదా (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తదో చెప్తది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో). జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్. హన్మకొండలో రెండూ పట్టుకొని చూసి 8×42 తీసుకున్న.

10×50 బరువు ఎక్కువ, చెయ్యి కొంచెం కదిలినా బొమ్మంతా ఊగుతది. వెలుతురు సంగతి చూస్తే, అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటి వైపు వచ్చే వెలుతురు చుక్క వెడల్పు వస్తది: 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, 50ని 10తో భాగిస్తే 5. అంత పెద్ద అద్దం మోసినా పొద్దుగూకే యాళ్లకు కంటికి చేరే వెలుతురు ఏం పెరగదన్నట్టు.

పాకాల కట్ట మీదికెళ్లి చూస్తే తీగ మీద పాలపిట్ట. కూర్చున్నప్పుడు గోధుమరంగే, ఎగరంగనే రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు విడివిడిగా కనిపించినయ్. ఎంత బాగుందో! 8×లో కనిపించే జాగా వెడల్పు కాబట్టి ఎగిరే పిట్ట చూపులోంచి జారిపోలేదు.

కళ్లద్దాలు పెట్టుకునేటోళ్లు ఐ రిలీఫ్ (బొమ్మంతా కనిపించాలంటే కంటికి, కంటి దగ్గరి అద్దానికి మధ్య ఉండాల్సిన దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉందో లేదో తప్పక చూడండి. రబ్బరు కప్పులు కిందికి దించి చూడాలె.

మెడపట్టీ మాత్రం ఒరుస్తుంది. భుజాలకు వేసుకునే హార్నెస్ ఎవరైనా వాడుతుంటే చెప్పండి, లక్నవరం పోయేలోపు కొనాలె.