సంక్రాంతి ప్రభ: పాత చీరలు, అట్ట గొట్టాలతో తయారీ ఏర్పాట్లు

అలంకరణ సమన్వయకర్త (ప్రస్తుతం అంబాజీపేటలో):

అందరికీ నమస్కారం. కనుమ నాడు ఏకాదశ రుద్రుల (పదకొండు ఊళ్ల శివుళ్ల) ప్రభలు, అంటే స్వామిని ఉంచి ఊరేగించడానికి వెదురుతో కట్టి బట్టలతో అలంకరించే ఎత్తైన చట్రాలు, తరలివచ్చే కోనసీమలోని జగ్గన్నతోట తీర్థాన్ని (జాతరను) తలపించేలా, విదేశంలో మనం జరుపుకునే వేడుక ముంగిట ఒక ప్రభను పూర్తిగా వాడేసిన వస్తువులతోనే నిలబెట్టాలని అనుకున్నాం కదా. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే కనుక, పిల్లలకు ఆ వీడియో చూపిస్తే ఆకారం తెలిసిపోతుంది.

ఇక్కడ వెదురు కలిసేచోట మేకు కొట్టరు. కొబ్బరి తాడును ఇంటూ గుర్తులా నాలుగైదు చుట్లు చుట్టి, ఆ చుట్ల మీద అడ్డంగా మరో రెండు చుట్లు లాగి బిగిస్తారు. అలా కడితే వెదురు చీలదు, పండుగ అయ్యాక ముడి విప్పి సామగ్రినంతా మళ్లీ వాడుకోవచ్చు. మనం వెదురు కొనడం అనవసరం. తివాచీల దుకాణాలవారు పారేసే మందపాటి అట్ట గొట్టాలు అడిగితే ఇస్తారు, వాటికీ ఇదే కట్టు సరిపోతుంది. పీఠానికి సరుకు రవాణా చెక్క పలకలు (ప్యాలెట్లు) తెచ్చేవారు వాటి మీది ముద్ర చూడండి: ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసినవి, ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషపు పురుగుమందు పట్టించినవి కాబట్టి పిల్లలు ముట్టుకునే చోట వద్దు. అతికించడానికి మైదా జిగురు చాలు. థర్మోకోల్, ఫ్లెక్సీ, మెరుపుల పొడి దయచేసి ఎవరూ తీసుకురావద్దు.

పూజా కార్యక్రమాల బాధ్యులు:

అమ్మా, ఆలోచన బాగుంది కానీ, ప్రభ అంటే స్వామి కొలువుండే చోటు. ఊళ్లో కొత్త బట్టలతో అలంకరించేదానికి మనం కట్టి విడిచిన చీరలు చుట్టడం నాకు మనస్కరించడం లేదు.

అలంకరణ సమన్వయకర్త:

బాబాయిగారూ, మీ మాట సబబే. అందుకే ఇందులో ఉత్సవమూర్తిని ఉంచకుండా, ఇది ప్రదర్శనకు చేసిన నమూనా అని పక్కనే పలక పెడదాం. పూజ మండపంలో మామూలుగానే జరుగుతుంది. చీరల్లో నేతవి, ముఖ్యంగా ఉప్పాడ జాందానీలు, చిరిగినవైనా కత్తిరించనివ్వను, అంచు కనబడేలా మడిచి కడదాం. పాలిస్టరు చీరలు మంటకు కరిగి అంటుకుంటాయి కనుక ప్రభ దగ్గర ప్రమిదలు వద్దు, విద్యుద్దీపాలే పెడదాం. నరసాపురం లేసు ముక్కలు మీ ఇళ్లలో ఉంటే పై అర్ధచంద్రాకారానికి కుట్టుకుందాం.

రవాణా చూస్తున్న సభ్యుడు:

అక్కా, హాలు తలుపు ఎత్తు కొలిచాక చెబుతాను, అప్పటిదాకా గొట్టాలు కోయకండి. ప్రభను రెండు భాగాలుగా కట్టి లోపల కలిపితే మేలు. ఊరి నుంచి పచ్చి కొబ్బరి పీచు తేవద్దు, విమానాశ్రయంలో తనిఖీకి ఆపేస్తారు. పేనిన తాడు తెచ్చినా ముందుగా కస్టమ్స్ ఫారంలో రాయండి. ఈ శనివారం వ్యానుతో తివాచీ దుకాణాలకు వెళ్తున్నాను, తోడు వచ్చేవారు ఇద్దరు కావాలి.