నగర చరిత్ర ఇంటరాక్టివ్ మ్యూజియం: మూడు గంటల్లో ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న – నీలిగన్నేరు

నమస్కారం అండీ. వచ్చే నెల అయిదుగురం కలిసి ఒక నగర చరిత్ర మ్యూజియానికి వెళ్తున్నాం. గాజు పెట్టెలు మాత్రమే ఉండే రకం కాదు. టచ్ టేబుళ్లు, గోడల మీద ప్రొజెక్షన్లు, నగరం మొత్తాన్ని చూపించే నమూనా, వీఆర్ గది (కళ్లకి హెడ్‌సెట్ తగిలించుకుని చుట్టూ దృశ్యం చూసేది), టికెట్‌తో ఇచ్చే కార్డు ఆనిస్తే పలికే యంత్రాలు, అన్నీ ఉన్నాయట. బాబుకి 8 ఏళ్లు, పాపకి 12. మా అత్తయ్యగారు చెవి మిషన్ పెట్టుకుంటారు, ఎక్కువసేపు నిలబడలేరు. మా చేతిలో ఉన్నది మూడు గంటలే.

ఏ వరసలో చూస్తే బాగుంటుంది? ఇలాంటి చోట్ల కొన్ని స్క్రీన్లు ఎంత నొక్కినా పలకవు, కొన్నిటిలో ముట్టకుండానే పేజీలు మారిపోతుంటాయి, ఎందుకని? 8 ఏళ్ల పిల్లాడికి వీఆర్ పెట్టొచ్చా? అన్నిటికంటే ముఖ్యమైనది చివరి ప్రశ్న. 3డిలో చూపించే పాత నగరంలో నిజమెంత, ఊహ ఎంత అని మా పాప తప్పకుండా అడుగుతుంది. ఏం చెప్పాలి?

జవాబు – పాతపటం

నమూనాతో మొదలుపెట్టండి. అది ఏ అంతస్తులో ఉన్నా ముందు అక్కడికే వెళ్లండి. నది ఎటు పారుతుంది, కోటగోడ ఎక్కడిదాకా ఉండేది, పాత సంత ఏ మూల అన్నది చూసేవాళ్లకి తెలుసన్న ధీమాతోనే మిగతా ప్రదర్శనలన్నీ తయారవుతాయి. ఆ దిక్కులు మనసులో పడకపోతే టచ్ టేబుల్ మీద ఎన్ని బొమ్మలు కదిపినా ఒకదానికొకటి అతకవు.

నమూనా పక్కనున్న పలక మీద రెండు అంకెలు వెతకండి: స్కేలు, సంవత్సరం. స్కేలు 1:500 అంటే నమూనాలో 1 సెం.మీ. నేల మీద 5 మీటర్లు. 200 మీటర్ల వెడల్పున్న నది అక్కడ 40 సెం.మీ. ఉంటుంది, మనిషి 3 మి.మీ. పైచిలుకు. ఈ లెక్క పిల్లలచేత అక్కడికక్కడే చేయించండి. న్యూయార్క్‌లోని క్వీన్స్ మ్యూజియంలో 1964 ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన నగర నమూనా 1:1200 స్కేలులో ఉంటుంది. పైకప్పు దాకా 381 మీటర్లున్న ఎంపైర్ స్టేట్ భవనం అందులో 32 సెం.మీ. కూడా రాదు. ఆ సంగతి తెలిసి చూస్తే నగరం ఎంత పెద్దదో ఒక్కసారిగా అర్థమవుతుంది.

సంవత్సరం ఇంకా ముఖ్యం, ఎందుకంటే నమూనా ఒకే కాలాన్ని చూపిస్తుంది. ఆంటోనిన్ లాంగ్‌వైల్ 1826 నుంచి 1837 దాకా అట్టతో కట్టిన ప్రాగ్ నమూనా (స్కేలు 1:480, రెండు వేలకు పైగా ఇళ్లు) ఆ నగర మ్యూజియంలో ఉంది. ఆ శతాబ్దం చివర్లో మొదలైన కూల్చివేతల్లో పోయిన యూదుల పేట ఇళ్లు అందులో ఇంకా నిలబడే ఉన్నాయి. ఇప్పటి పటం పక్కన పెట్టుకుని, ఏది పోయింది, ఏది మిగిలింది అని వెతకడం 12 ఏళ్ల పిల్లకి చాలా మంచి పని. ఒక జాగ్రత్త: గుట్టలు, లోయలు స్పష్టంగా కనబడాలని కొన్ని నమూనాల్లో ఎత్తును మాత్రం పెంచుతారు. నిలువు స్కేలు వేరుగా రాసి ఉంటే కారణం అదే.

ఆ తర్వాత అసలు వస్తువులు, అంటే పాత పటాలు, దస్తావేజులు, బట్టలు. వీటిని స్క్రీన్లకంటే ముందు చూడమనేది వెలుతురు వల్ల. వెలుతురు చేసే నష్టం పేరుకుంటూ పోతుందే తప్ప తిరిగి బాగుపడదు. అందుకే కాగితం, బట్ట, నీటిరంగుల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గరే ఉంచడం మ్యూజియాల్లో స్థిరపడిన పద్ధతి. ధగధగలాడే స్క్రీన్ ముందు నుంచి నేరుగా ఆ గదిలోకి వెళ్తే కన్ను అలవాటు పడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, జనం ఆ లోపే ఏమీ కనబడట్లేదని బయటికొచ్చేస్తారు. గోడ పక్కన కాసేపు ఆగి, అప్పుడు పటం దగ్గరికి వెళ్లండి.

మూడు గంటల్ని ఇలా పంచుకోవచ్చు: నమూనాకి 25 నిమిషాలు, అసలు వస్తువులకి 40, కూర్చోవడానికి 15, టచ్ టేబుళ్లు, ప్రొజెక్షన్లకి ఒక గంట, వీఆర్‌కి క్యూతో కలిపి అరగంట. వీఆర్ చివర్లో చూసినా, దాని సమయం మాత్రం లోపలికి వెళ్లగానే రాయించుకోండి. 8 నిమిషాల కార్యక్రమం, తుడిచి మళ్లీ తగిలించడానికి 4 నిమిషాలు అనుకున్నా ఒక్కో హెడ్‌సెట్‌కి గంటకి అయిదుగురే. రద్దీ రోజున మధ్యాహ్నానికే జాగా అయిపోతుంది.

జవాబు – సన్నతీగ

స్క్రీన్ల సంగతి నేను చెప్తాను. టచ్ అన్నది ఒకే రకం కాదు. ఏ రకమో గుర్తుపడితే సగం చిరాకు తగ్గుతుంది.

ఫోన్‌లాగా అంచుదాకా చదునైన గాజు ఉంటే చాలావరకు కెపాసిటివ్ రకం. అది చర్మం వల్ల విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడుతుంది, ఒత్తిడిని కాదు. కాబట్టి గట్టిగా నొక్కి లాభం లేదు. గోటితో ముట్టినా, గ్లోవ్ వేసుకున్నా పలకదు. వేలి మెత్తటి భాగం ఆనించాలి. వేళ్లు బాగా పొడిబారినా, శానిటైజర్ తడి ఆరకపోయినా తడబడుతుంది. చేతులు ఆరనిచ్చి ముట్టండి.

గాజు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున అంచు లేచి ఉంటే అది ఇన్‌ఫ్రారెడ్ చట్రం. ఆ అంచు నుంచి కంటికి కనబడని కిరణాలు అడ్డంగా, నిలువుగా గాజు మీదుగా పోతుంటాయి, ఏది అడ్డం వచ్చినా వేలే అనుకుంటుంది. వేలాడే కొంగు, గాజులు, కెమెరా తాడు, టేబుల్ మీద ఆనించిన మోచేయి, ఇవన్నీ స్పర్శలే. మీరు ముట్టకుండానే పేజీలు మారడానికి ముఖ్య కారణం ఇదే. బ్యాగు టేబుల్ అంచు మీద పెట్టకండి, పిల్లల్ని వాలనివ్వకండి.

మూడో రకంలో టేబుల్ కింద కెమెరా ఉండి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో వేళ్లను చూస్తుంది. సూర్యకాంతిలో ఇన్‌ఫ్రారెడ్ పుష్కలంగా ఉంటుంది కాబట్టి కిటికీ పక్కన పెట్టిన టేబుల్ పట్టపగలు పిచ్చిగా ప్రవర్తిస్తుంది, పొద్దు తిరిగాక కుదురుకుంటుంది. టేబుల్ మీద బిళ్లలు పెట్టి తిప్పే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఈ రకమే. బిళ్ల అడుగున ఒక గుర్తు ఉంటుంది, కెమెరా దాన్ని చదువుతుంది. బిళ్లను పూర్తిగా ఆనించి, ఒక క్షణం ఆగి, నెమ్మదిగా తిప్పాలి. పిల్లలు పైకెత్తి ఎత్తి కొడతారు, అందుకే సంవత్సరాల చక్రం ముందుకీ వెనక్కీ గెంతుతుంది.

మీరు ముట్టినచోట కాక రెండు వేళ్ల దూరంలో పలుకుతుంటే అమరిక తప్పినట్టు. అది మీరు సరిచేయగలిగేది కాదు, సిబ్బందికి చెప్పండి. ఒకే టేబుల్ మీద పదిమంది చేతులు పెడితే కొన్ని స్పర్శల్ని లెక్కలోకి తీసుకోకపోవడం మామూలే. కాసేపు ఎవరూ ముట్టకపోతే యంత్రం మొదటి పేజీకి వెళ్లిపోతుంది, భాష కూడా మొదటికొస్తుంది. చదువుతూ మధ్యమధ్యలో తెర ఖాళీ భాగాన్ని తాకుతూ ఉంటే పేజీ నిలుస్తుంది.

కార్డుల గురించి: అవి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే చదవబడతాయి. ఫోన్ కవరులో పెట్టి ఊపితే ఫోన్‌లోని లోహం అడ్డుపడుతుంది. రెండు కార్డులు కలిపి ఆనిస్తే యంత్రం తికమకపడుతుంది. ఒక్కొక్కటి చదునుగా ఆనించి దీపం వెలిగేదాకా తీయకండి. మొదటి యంత్రం దగ్గరే భాష, అక్షరాల పరిమాణం ఎంచుకునే వీలుంటే తప్పకుండా ఎంచుకోండి, చాలా ఏర్పాట్లలో ఆ ఎంపిక మిగతా యంత్రాలకీ వెళ్తుంది.

నేల మీద ప్రొజెక్షన్ పడి అడుగులకు స్పందించే చోట గుంపుగా వెళ్తే పైనున్న సెన్సర్ మీ అయిదుగురినీ ఒక్క ఆకారంగా చూస్తుంది. మనిషికీ మనిషికీ ఒక మీటరు ఎడం ఇచ్చి నడవండి.

జవాబు – మెల్లగానడక

అత్తయ్యగారి విషయం. వెళ్లేముందు ఆమె చెవి మిషన్‌లో టెలికాయిల్ (గదిలోనో మెడలోనో ఉండే లూప్ తీగ పంపే మాటను నేరుగా పట్టే చిన్న తీగచుట్ట) ఉందో లేదో అది అమర్చినవాళ్లని అడగండి. ఉంటే, చెవి బొమ్మ పక్కన టి అక్షరం ఉన్న చోట మిషన్‌ను ఆ స్థానంలో పెట్టుకుంటే సినిమా గది మాటలు హోరు లేకుండా నేరుగా వినిపిస్తాయి. ఆడియో గైడ్‌కి మెడలో వేసుకునే లూప్ ఇస్తారేమో కౌంటర్లో అడగండి. టెలికాయిల్ లేకపోతే చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ అడగాలి, చెవిలోకి దూర్చేది మిషన్‌తో కుదరదు. పైనుంచి గొడుగులా వేలాడే స్పీకర్ల కింద సరిగ్గా మధ్యలో నిలబడాలి, అడుగు పక్కకి జరిగినా మాట పలచబడుతుంది. అదీ కుదరకపోతే తెర మీద అక్షరాలు వచ్చే బటన్ వెతకండి.

మడత స్టూలు లేదా చక్రాల కుర్చీ ముందుగా అడిగి ఉంచుకోండి. నడవగలిగినవాళ్లకి కూడా మూడు గంటలు నిలబడడం వేరే సంగతి. ఇంగ్లండ్‌లో యార్క్ నగరంలోని యోర్విక్ వైకింగ్ సెంటర్‌లాగా కదిలే బండ్లలో కూర్చోబెట్టి తిప్పే చోటైతే ఎక్కడానికీ దిగడానికీ సాయం ముందే చెప్పుకోవాలి. అక్కడ వాసనలు కూడా కావాలని వదులుతారు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే గుర్తుపెట్టుకోండి.

బాబుకి వీఆర్ వద్దు. మెటా సంస్థ తన హెడ్‌సెట్ల కనీస వయసును 2023లో 13 నుంచి 10కి తగ్గించింది, ప్లేస్టేషన్ వీఆర్‌కి 12. ఎనిమిదేళ్లు రెండిటికీ తక్కువే. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ, కటకాలు అంత దగ్గరికి రావు, బొమ్మ మసగ్గా కనబడి కళ్లు లాగుతాయి. పైగా అర కిలో బరువు మెడ మీద. సాధారణంగా అదే దృశ్యం పక్కనున్న తెర మీద కూడా కనబడుతుంది, బాబుని అక్కడ నిలబెట్టి అక్క ఎటు చూస్తోందో చెప్పమనండి.

పాపకి పెట్టేటప్పుడు కూర్చుని చూసేది ఎంచుకోండి. ఒకచోట ఉండి చుట్టూ చూసే దృశ్యాలు సాధారణంగా తల తిప్పవు. గాల్లో తేలుతూ వీధుల మీదుగా పోయేవే ఎక్కువ తిప్పుతాయి, ఎందుకంటే కన్ను కదులుతున్నామంటుంది, చెవి లోపలి భాగం లేదంటుంది. నుదుటి మీద చెమట, నోట్లో నీళ్లూరడం మొదలవగానే కళ్లు మూసుకుని తీసేయాలి, ఓర్చుకుంటే ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. తీశాక పది నిమిషాల దాకా మెట్లు దిగనివ్వకండి. అందుకే పాతపటం గారు వీఆర్‌ని చివర పెట్టడం సరైనది. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు మాత్రం మెరుపు వెలుగుల హెచ్చరిక ఉన్న గదులన్నిటికీ దూరంగా ఉండాలి.

జవాబు – పునాదిరాయి

నిజమెంత, ఊహ ఎంత: మంచి ప్రశ్న, దాన్ని మ్యూజియం సిబ్బందిని కూడా అడగనివ్వండి. 2006 నాటి లండన్ చార్టర్, 2011 నాటి సెవిల్ సూత్రాలు కంప్యూటర్ పునర్నిర్మాణాల గురించి చెప్పేది ఇదే: ఏది ఆధారం, ఏది అనుమానం అన్నది చూసేవాళ్లకి తెలియాలి. మంచి ప్రదర్శనల్లో ఆధారం ఉన్న గోడకి ఒక రంగు, ఊహించినదానికి ఇంకో రంగు లేదా పారదర్శకంగా చూపే బటన్ ఉంటుంది. వెతకండి.

అది లేకపోతే పాపకి ఒక మోటు సూత్రం చెప్పండి. నేలకి దగ్గరగా ఉన్నదాన్ని ఎక్కువ నమ్మొచ్చు, పైకి పోయేకొద్దీ తక్కువ. తవ్వకాల్లో దొరికేవి పునాదులు, గోడల మొదళ్లు, నేల గచ్చు. పైఅంతస్తు, పైకప్పు, కిటికీలు చాలాసార్లు అదే కాలపు వేరే కట్టడాలను బట్టి వేసినవే. రంగులు, జనం, చెట్లు మరీ తక్కువ నమ్మదగ్గవి. యోర్విక్ నిలబడింది 1976 నుంచి 1981 దాకా అదే ఊళ్లోని కాపర్‌గేట్ వీధిలో జరిగిన తవ్వకాల మీద. అలాంటి చోట తవ్వకంలో దొరికిన వస్తువుని చూసి, తర్వాత అదే వస్తువు దృశ్యంలో ఎక్కడుందో పట్టుకోమనండి.

పాత పటం మీద కొత్త పటం జరిపే స్లైడరు ఉంటే జాగ్రత్తగా వాడండి. నోలీ 1748లో అచ్చువేసిన రోమ్ పటం కొలతలు తీసి గీసింది, ఇప్పటి వీధుల మీద బాగానే కూర్చుంటుంది. యాకొపో దె బార్బారి 1500లో వేసిన వెనిస్ గానీ, 1739 నాటి తుర్గో పారిస్ పటం గానీ ఆకాశం నుంచి ఏటవాలుగా చూసినట్టు గీసినవి. వాటిలో ఒక ఇల్లు వెనకనున్న వీధిని కప్పేస్తుంది, కాబట్టి చదునైన పటం మీద అతకవు. స్లైడరు జరిపితే నది వంపు తప్పిందంటే నది దారి మారిందని వెంటనే అనుకోకూడదు, ముందు ఆ పటం ఏ రకమో చూడాలి.

ఫోటోలతో కూడా ఇదే గొడవ. తొలి ఫోటోగ్రాఫర్లలో ఒకడైన డగేర్ 1838లో తీసిన పారిస్ వీధి ఫోటోలో రోడ్డు దాదాపు నిర్మానుష్యం. నిజానికి బళ్లూ జనమూ ఉన్నారు. ఎక్స్‌పోజర్ (పలక మీద వెలుగు పడనిచ్చే సమయం) నిమిషాల తరబడి పట్టడం వల్ల కదిలినవన్నీ చెరిగిపోయి, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మిగిలాడు. తొలినాళ్ల ఫోటోలో వీధి ఖాళీగా కనబడితే అప్పట్లో జనం లేరని అర్థం చేసుకోవద్దు.

పాపకి ఒక్కటే పని ఇవ్వండి: ఒక వంతెననో, ఒక కూడలినో ఎంచుకుని నమూనాలో, పటంలో, ఫోటోలో, 3డిలో దాన్నే వెతకడం. నాలుగూ ఒకదానితో ఒకటి ఎక్కడ విభేదిస్తే అక్కడ ఆగండి. మూడు గంటల్లో వంద విషయాలు చదవడం కంటే ఇది ఎంతో మేలు.

నీలిగన్నేరు

అందరికీ ధన్యవాదాలండీ. వీఆర్ సమయం ముందే రాయించుకుంటాం, చెవి మిషన్ సంగతి రేపే అడుగుతాను. ఒక్క చిన్న సందేహం: ఫోటోలు తీస్తే ప్రొజెక్షన్ల మీద చారలు పడతాయి, గాజు పెట్టెల్లో మన మొహమే కనబడుతుంది. ఏం చేయాలి?

జవాబు – సన్నతీగ

ప్రొజెక్టర్, ఎల్ఈడీ తెరలు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి, ఫోన్ షట్టర్ వాటికంటే వేగమైతే చారలు వస్తాయి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే మార్చుకునేది) షట్టర్ 1/50 లేదా 1/60కి తగ్గించండి, వెలుగు ఎక్కువైతే ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) తగ్గించండి. చారలు ఇంకా ఉంటే 1/25 లేదా 1/30 ప్రయత్నించండి. గాజు పెట్టె దగ్గర కటకాన్ని గాజుకి దాదాపు ఆనించి, వెనక నుంచి వెలుగు రాకుండా ముదురు రంగు బట్ట అడ్డం పెట్టండి. సిబ్బంది ముట్టొద్దంటే ఏటవాలుగా నిలబడితే మీ ప్రతిబింబం పక్కకి పోతుంది. ఫ్లాష్ మాత్రం గదిలోకి వెళ్లకముందే ఆపేయండి, ఆటోలో ఉంటే చీకటి గదిలో దానంతటదే వెలుగుతుంది.